మైలురాయి మీద తుండుగుడ్డ

గురజాల,
4-2-1961.

చిరంజీవి జానకిరామయ్యను అక్క శేషారత్నం తల నిమిరి అడుగుతున్నది ఏమనగా, నీ దగ్గు తగ్గిందా? ఇందిరతో మిరియాల కషాయం పెట్టించుకో. హైదరాబాదు చలి మన చలి లాంటిది కాదు.

ఇక్కడ నిన్నటిదాకా అందరం బాగున్నాం. నిన్న పొద్దున మన డ్రైవరు సుభానీ పేపరు పట్టుకుని పరుగున వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టిన మనిషి పరుగెత్తడం అదే మొదటిసారి చూశాను.

"అమ్మా, మన రోడ్డు సర్కారోళ్ళు తీసుకుంటన్నారంట. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఇంక ప్రయివేటు బస్సు తిరగటానికి లేదంట" అన్నాడు.

ఆ రోడ్డు మీద మనకున్నది ఒక్కటే బస్సు అని నీకు తెలుసు. యుద్ధం రోజుల్లో మీ బావ బొగ్గుల గ్యాసుతో నడిపిన బస్సు. కొండచిలువలా బుసకొడుతుంటే దానికి ఎదురు నిలబడి బొగ్గులు పోసింది నేను. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆడమనిషి బస్సు నడపడం ఏమిటని నవ్వినవాళ్ళే ఇవాళ రత్నమ్మ బండి వచ్చిందా అని అడుగుతారు. నాకు చేను లేదు, చెట్టు లేదు. ఈ బండే నా చేను.

నువ్వు పనిచేసేది ఆ సర్కారు బస్సుల ఆఫీసులోనే కదా. తీసుకునే రోడ్ల జాబితాలోంచి మన రోడ్డు ఒక్కటి కొట్టేయించు. ఇంత పెద్ద రాష్ట్రంలో ఒక రోడ్డు తగ్గితే గవర్నమెంటు చిక్కిపోదు.

నీ అక్క,
ఇంకా బస్సున్న మనిషి,
శేషారత్నం.

హైదరాబాదు,
12-2-1961.

అక్కకు నమస్కారాలు.

దగ్గు తగ్గింది. కషాయం పేరు ఎత్తగానే తగ్గింది.

నీతో అబద్ధం చెప్పలేను. ఆ జాబితా రాసింది నేనే. పటం మీద నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఎర్రసిరాతో గీత గీసింది కూడా నేనే. గీస్తున్నప్పుడు గురజాల దగ్గర కలం ఆగిందంటే నమ్ము. కానీ మనవాళ్ళ రోడ్డని వదిలేస్తే రేపు ఇంకొకడు వాళ్ళ మామ రోడ్డు వదిలేస్తాడు.

నువ్వు కోపం తెచ్చుకోకుండా విను. దేశం ఇప్పుడు నడుస్తున్నది మిశ్రమ ఆర్థిక విధానంలో. అన్నీ ప్రభుత్వమే చెయ్యదు, అన్నీ షావుకార్లకే వదిలెయ్యదు. రైళ్ళు, పెద్ద ఉక్కు కర్మాగారాలు ప్రభుత్వానివి. కిరాణా కొట్టు, రైసు మిల్లు, వ్యవసాయం ప్రజలవి. కొన్నింట్లో ఇద్దరూ ఉంటారు. మీ పక్కనే సాగరం డ్యాము చూడు. ఆనకట్ట ప్రభుత్వానిది, దానికి రాళ్ళు తోలే కంట్రాక్టర్లు ప్రయివేటు వాళ్ళు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా కృష్ణలో నీళ్ళు ఆగవు. అలాగే పెద్ద రోడ్లు ప్రభుత్వం తీసుకుంటే బీదవాడికీ ధనవంతుడికీ ఒకటే టికెట్టు, ఒకటే టైము.

అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. విచారణ ఉంటుంది. అందరిలాగే నువ్వూ పెట్టు. నేను చెప్పగలిగింది అంతే.

వచ్చేవాళ్ళుంటే గోంగూర పచ్చడి పంపించు.

తమ్ముడు,
జానకిరామయ్య.

గురజాల,
20-2-1961.

ఒరేయ్ జానకీ,

దీవెనలు తరవాత. ముందు తగువు.

నీ మిశ్రమం ఉత్తరం రెండుసార్లు చదివాను. మిశ్రమమంటే ధర్మాసుపత్రిలో కాంపౌండరు సీసాలో పోసి ఇచ్చే ఎర్రనీళ్ళనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అదీ ఇలాగే, తాగేవాడికి చేదు, పోసేవాడికి పుణ్యం.

నాకు అర్థమైంది చెబుతాను, తప్పయితే దిద్దు. మన నాయనమ్మ ఉమ్మడి కాపురంలో పప్పు అందరికీ ఒకే కుండలో ఉడికేది. ఆవకాయ మాత్రం ఎవరి జాడీ వాళ్ళది. పప్పులో ఉప్పు చాలకపోయినా అందరికీ గరిటెడు దొరికేది. ఆవకాయ రుచిగానే ఉండేది గాని జాడీ ఉన్నవాళ్ళకే. అంతేనా నీ విధానం? అంతే అయితే నాకు ఏ పేచీ లేదు. పప్పు వండేవాడు వచ్చి నా జాడీ ఎత్తుకుపోతానంటే మాత్రం ఊరుకోను.

ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టుంది నీ ఎర్రసిరా. అర్జీ పెట్టాను. విచారణకు హైదరాబాదు నేనే వస్తున్నాను. మీ ఇంట్లో దిగను. ఇక్కడి ప్లీడరు గారి భార్య చుట్టాలింట్లో దిగుతాను. నా తమ్ముడికి మాట రాకూడదు.

గోంగూర పచ్చడి మాత్రం ఇందిరకి పంపుతున్నాను. నీకు కాదు.

శేషారత్నం.

హైదరాబాదు,
18-4-1961.

అక్కా,

విచారణ రోజు నేను పక్క గదిలోనే ఉన్నాను. తలుపు సందులోంచి నీ మాట వినబడుతూనే ఉంది.

"గవర్నమెంటు బస్సు వస్తే ప్రజలకు మంచిది కాదామ్మా?" అని ఆఫీసరుగారు అడిగితే, "మంచిదే బాబూ, రానియ్యండి. నన్నెందుకు పొమ్మంటారు? ఇద్దరం తిరుగుతాం. జనం ఎవరిది ఎక్కుతారో చూద్దాం" అన్నావు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన మాత్రం, "లాభమొచ్చే రోడ్డు మీద అందరూ తిరిగితే లాభం రాని ఊళ్ళకు ఎవరు పోతారు? ఈ రోడ్డు మిగులుతోనే ఆ ఊళ్ళకు బస్సు వెయ్యాలి" అన్నారు. నువ్వు లేచి ఆయనకు దణ్ణం పెట్టావు.

బయటికి పోతూ నా బల్ల పక్క నుంచే నడిచావు. నన్ను చూశావు. పలకరించలేదు. ఇతడు నా తమ్ముడని ఎవరికీ చెప్పలేదు. నేనూ తల ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

స్కీము ఖాయమైంది. జూన్ ఒకటి నుంచి ఆ రోడ్డు ప్రభుత్వానిది. కానీ ఒక దారి ఉంది, ఇది నియమం ప్రకారమే చెబుతున్నాను. గురజాల నుంచి ఎర్రగుంటపాడు పోయే తొమ్మిది మైళ్ళ మట్టిరోడ్డు జాబితాలో లేదు. వాగుల మీద వంతెనలు కట్టేదాకా ప్రభుత్వం ఆ జోలికి పోదు. దానికి పర్మిట్టు అడుగు.

జానకిరామయ్య.

గురజాల,
9-6-1961.

చిరంజీవి జానకికి దీవెనలు. పలకరిస్తే నీ ఉద్యోగానికి ముప్పని ఊరుకున్నాను గాని నీ మీద అలిగి కాదు. నువ్వు చిక్కావు. అది చూసి నాకూ ఆ పూట అన్నం సయించలేదు. చెల్లుకు చెల్లు.

గవర్నమెంటు బస్సు వచ్చింది. నిజం చెప్పాలి, పెళ్ళికూతురులా ఉంది. మా వీధి ఆడవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. నేనే దిష్టి తీశాను. డ్రైవరు మరియదాసు బందరు వైపు మనిషి, నెమ్మదస్తుడు, గడియారం చూసి కదులుతాడు. మొదటి రోజు మా కరణం గారు కిళ్ళీ కట్టించుకుని వస్తానని దిగితే బస్సు ఆయన పెట్టెతో సహా వెళ్ళిపోయింది. కిళ్ళీ నములుతూ మైలు దూరం పరుగెత్తాడు. ఊరు ఊరంతా నాలుగు రోజులు నవ్వుకుంది.

మన కండక్టరు పేతురును గవర్నమెంటులో తీసుకుని గుంటూరు వేశారు. వెళ్ళేటప్పుడు బస్సుకి దణ్ణం పెట్టి ఏడ్చాడు, నాకు పెట్టలేదు వెధవ. సుభానీకి వయసు దాటిందన్నారు. రోజూ పొద్దున్నే వస్తాడు. కదలని బస్సును కడుగుతాడు. డ్రైవరు సీట్లో కూర్చుని బీడీ కాలుస్తాడు. వెనక సీట్లో మా కోడి గుడ్లు పొదుగుతోంది. "కదిలిస్తే గుడ్లు చెడతాయమ్మా" అని ఇంజను కూడా స్టార్టు చెయ్యడు. నాకు నవ్వొచ్చి, ఆ తరవాత ఏడుపొచ్చింది.

ఎర్రగుంటపాడు పర్మిట్టుకు దరఖాస్తు పెట్టాను. లాభం రాని ఊళ్ళకు పోతామన్న మీ ఆఫీసరుగారు ఆ ఊరికి మాత్రం పోరేం? సరే, నేనే పోతాను. ఆ ఊరి మీదే ఆశ పెట్టుకున్నాను. అదీ రాకపోతే బండి పాత ఇనుము తూకానికి పోవాల్సిందే.

శేషారత్నం.

హైదరాబాదు,
11-8-1961.

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

రెండు నెలల్లో మీ రోడ్డు నుంచి పదిహేడు ఫిర్యాదులు వచ్చాయి. అన్నీ ఒకటే మాట. "బస్సు వచ్చినది. డ్రైవరు చూసియు ఎక్కించుకొనక పోయినాడు." కింద వేలిముద్రలు. డ్రైవరు మరియదాసుకు సంజాయిషీ నోటీసు పోయింది. ముగ్గురు పిల్లల తండ్రి. అర్ధరూపాయి దొరికినా తెచ్చి అప్పజెప్పే మనిషని డిపో వాళ్ళంటున్నారు.

వేలిముద్రలు ఎవరివైనా, పదిహేడింటి దస్తూరీ ఒక్కటే. నాకు ఓనమాలు దిద్దించిన దస్తూరీ అది. కొమ్ము దీర్ఘం తోకలా కిందికి లాగే దస్తూరీ లోకంలో ఇంకెవరికీ లేదు.

బస్సు పోయినందుకు నీకు బాధ ఉంటుంది. కాదనను. కానీ గవర్నమెంటు బస్సును అల్లరి చేసి వెనక్కి పంపిద్దామని ఊళ్ళో వాళ్ళ చేత అర్జీలు పెట్టించడం నీకు తగునా? ఫైలు నా బల్ల మీదే ఉంది. అభిప్రాయం రాయమన్నారు. ఏం రాయమంటావు?

జానకిరామయ్య.

గురజాల,
16-8-1961.

జానకీ,

నా అక్షరం గుర్తుపట్టావు. నన్ను గుర్తుపట్టలేకపోయావు. చాలా సంతోషం.

అవును, రాసింది నేనే. ఈ చుట్టుపక్కల చదువు రానివాళ్ళకు కాగితం రాసిపెట్టేది ఎవరనుకున్నావు? మిలిటరీలో ఉన్న కొడుక్కీ నేనే రాస్తాను, తాలూకా ఆఫీసుకీ నేనే రాస్తాను. వాళ్ళు చెప్పారు, నేను రాశాను. పెట్టించడం ఒకటి, రాసిపెట్టడం ఒకటి.

అయినా నీ ఉత్తరం చూశాక నాకే అనుమానం వచ్చింది. మరియదాసు అంత నెమ్మదస్తుడు, చూసి చూసి ఎందుకు వదిలేస్తాడు? మొదటి అర్జీ పెట్టిన పున్నయ్యను పిలిచాను.

"నువ్వు రోడ్డు మీద ఎక్కడ నిలబడ్డావురా?"

"నిలబడటం ఏంది రత్నమ్మక్కా? నేను చేలో ఉన్నా. తుండుగుడ్డ రాయి మీద ఏశాగా!"

"మరి బస్సు ఆగలేదా?"

"ఎందుకు ఆగలా? ఆగింది. డ్రైవరు దిగాడు, గుడ్డ తీసుకున్నాడు, పోయాడు. చానా అన్యాయం గదా!"

నేను తల పట్టుకున్నాను. నువ్వు పదకొండేళ్ళకే చదువుకని గుంటూరు పోయావు, నీకు తెలియదు. ఇక్కడ బస్సు కోసం రోడ్డు మీద ఎవరూ నిలబడరు. ఆ ఎండకు నిలబడితే మనిషి వడియం అవుతాడు. ఊరికెళ్ళాల్సినవాడు మైలురాయి మీద తుండుగుడ్డ పరిచి, ఎగరకుండా పైన బెడ్డ పెట్టి చేలోకి పోయి పని చేసుకుంటాడు. సుభానీ గుడ్డ చూసి బండి ఆపి మూడుసార్లు హారను కొడతాడు. చేలో మనిషి కాళ్ళు కడుక్కుని వచ్చి ఎక్కుతాడు. గళ్ళ గుడ్డ పున్నయ్యది, ఎర్ర అంచుది వాళ్ళ బావమరిదిది, ఎవరిది ఏదో కూడా సుభానీకి తెలుసు. మీ బావ నాటి నుంచీ ఇదే అలవాటు. కొత్తవాడికి చెప్పాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు, నాకు కూడా. చెప్పకపోవడం మా తప్పు. మరియదాసు, పాపం, ఎవరో పారేసుకున్న గుడ్డలనుకుని భద్రంగా ఏరుకుపోతున్నాడు!

నిన్ననే స్టాండుకు పోయి మరియదాసుకు అంతా చెప్పాను. ముందు తెల్లబోయి తరవాత విరగబడి నవ్వాడు.

నేను మాత్రం నవ్వలేదు. తల్లి లేనివాడివని నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని. అల్లరి చేసే మనిషినని ఎలా అనుకోగలిగావురా?

అక్క.

నరసరావుపేట,
24-8-1961.

అక్కా,

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. నీ ఉత్తరం చేరేసరికి నేను అభిప్రాయం రాసేశాను. "పాత యజమానురాలు ప్రజలను రెచ్చగొడుతున్నట్లు కనబడుచున్నది" అని రాశాను. ఆ ముక్క నీ ఎర్రగుంటపాడు దరఖాస్తుకు కూడా జతచేశారు. అది ఉండగా నీకు పర్మిట్టు రాదు.

సెలవు పెట్టి ఇక్కడి డిపోకి వచ్చాను. దొరికిన వస్తువుల గదిలో ఇరవై మూడు తుండుగుడ్డలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి చీటీ. "గురజాల దాటిన పిదప ఏడవ మైలురాయి మీద దొరికినది, పైన ఒక రాయి కలదు." మరియదాసు రాయిని కూడా వదలకుండా చీటీలో ఎక్కించాడు. ఫిర్యాదుల తేదీలూ ఆ చీటీల మీది తేదీలూ ఒకటే. స్టోరుకీపరు నవ్వుతున్నాడు, నాకు ఏడుపు వస్తోంది.

ఇంతదూరం వచ్చి గురజాల రాకుండా పోతున్నాను. నీ ఎదుట నిలబడే ముఖం లేదు.

దిద్దుకోవాలంటే ఒకటే దారి. నేను రాసింది తప్పని, ఆమె నా అక్క అని, ఆ సంగతి మొదటి రోజే చెప్పకుండా దాచానని పైకి రాసివ్వాలి. చుట్టరికం దాచడం చిన్న తప్పు కాదు. ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ఇందిరకు చెప్పాను. "మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అంది.

జానకిరామయ్య.

గురజాల,
27-8-1961.

ఒరేయ్, రాయకు.

నీకు చేతులు జోడిస్తాను, రాయకు. కోపంలో నాలుగు మాటలు అన్నాను, అవి అక్కడితో సరి. అచ్చంపేట నుంచి ఒకాయన బండి చూసిపోయాడు. అమ్మేస్తాను. సుభానీకి ఏదో ఒక దారి చూపిస్తాను. బస్సు ఇవాళ పోతే రేపు మరచిపోతాను. నీ ఉద్యోగం నా వల్ల పోతే నా గుండె ఆగుతుంది. నరసరావుపేట దాకా వచ్చి నన్ను చూడకుండా పోయినందుకు మాత్రం ఒక చెంపదెబ్బ బాకీ.

అక్క.

హైదరాబాదు,
2-11-1961.

అక్కా,

నీ ఉత్తరం రాకముందే రాసిచ్చేశాను. ఈసారి పోస్టు ఆలస్యం మంచిదే చేసింది. ఫలితం తేలేదాకా నీకు రాసే ధైర్యం చాలలేదు.

మరియదాసు మీద నోటీసు కొట్టేశారు. పైగా మెచ్చుకుంటూ కాగితం ఇచ్చారు. ఇకనుంచి ప్రతి మైలురాయికీ ఫర్లాంగు ముందే ఒక హారను కొట్టమన్నారు, జనాన్ని మాత్రం రోడ్డు మీదికి వచ్చి నిలబడమన్నారు. సగం వాళ్ళ మాట, సగం మీ మాట.

నీ దరఖాస్తు మీద నా రాతను కొట్టేశారు. ఎర్రగుంటపాడు పర్మిట్టు నీకే ఇచ్చారు. కాగితం విడిగా వస్తుంది. నీ బస్సు గురజాలలో గవర్నమెంటు బస్సుకు జనాన్ని అందించాలి, అది తెచ్చిన జనాన్ని నువ్వు ఎక్కించుకోవాలి.

ఇక నా సంగతి. ఉద్యోగం ఉంచారు. హైదరాబాదు నుంచి తీసేసి కిందికి దించారు. బస్టాండులో నిలబడి వచ్చే పోయే బస్సుల టైము రాసుకునే పని. ఎక్కడికి వేశారో చెప్పడానికి సిగ్గుగా ఉంది. గురజాల. వచ్చే పద్నాలుగున చేరాలి. ఆఫీసరై తిరిగొస్తాడని ఊరంతా అనుకున్నారు. శిక్ష మీద వస్తున్నాను.

జానకిరామయ్య.

గురజాల,
7-11-1961.

చిరంజీవి జానకికి, ఇందిరకి, అక్క రెండు చేతులతో దీవెనలు.

నీ ఉత్తరం సుభానీకి చదివి వినిపించాను. పర్మిట్టు దగ్గరే ఆపమన్నాడు. తక్కింది తరవాత వింటానని లేచి పోయి ఇంజను స్టార్టు చేశాడు. అయిదు నెలల తరవాత ఆ మోత విని, చేతిలో ఉత్తరంతోనే వీధిలోకి పరుగెత్తాను. గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి, ఎవరూ ఏమీ అనలేదు.

పర్మిట్టు కాగితం కూడా అందింది. నిన్న మొదటి ట్రిప్పు పోయింది. రెండో వాగులో బండి దిగబడితే ఎర్రగుంటపాడు ఊరు ఊరంతా వచ్చి తోసింది. తోసినవాళ్ళంతా ఆ చేత్తోనే ఎక్కారు. పేతురు లేడు కదా, టికెట్లు నేనే కొడుతున్నాను. మగాళ్ళు కొంచెం సిగ్గుపడుతున్నారు, అలవాటవుతుంది.

శిక్ష అన్నావు. నువ్వు గుంటూరు బండి ఎక్కిన రోజు నుంచి ఇవాళ్టిదాకా నా చేత్తో నీకు వరసగా నాలుగు పూటలు పెట్టుకోలేదు. గవర్నమెంటు నీకు శిక్ష వేసిందో, నాకు బహుమానం ఇచ్చిందో వాళ్ళకే తెలియాలి. ఊళ్ళో ఎవడైనా ఏమన్నా అంటే నా ముందు అనమను. నాకు దక్కిన తమ్ముడు తప్పు చేసి దాచుకోలేదు, చేశానని రాసిచ్చాడు. ఆఫీసరయి ఉంటే నేను ఇంత గొప్పగా చెప్పుకుందునో లేదో.

పద్నాలుగున మీరు మధ్యాహ్నం బస్సులో దిగే వేళకు నేను స్టాండులో ఉండను. పొద్దుటి బస్సు తెచ్చిన జనంతో పదకొండున్నరకు నా బండి కదలాలి. నీకోసం ఆపితే మొదటి రోజే నువ్వు నా మీద రిపోర్టు రాయాల్సి వస్తుంది. ఇంటికి తాళం వెయ్యను. అన్నం, దోసకాయ పప్పు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంటాయి. నువ్వు, ఇందిర తినండి. నాకు కొంచెం ఉంచండి, రెండింటికల్లా వస్తాను.

అక్క.